మండే వాయువుల మధ్య విద్యుత్ కనెక్షన్

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, నగరానికి ఉత్తరపు అంచున బీర్‌గావ్ ఉంది. దాన్ని ఆనుకొని ఉర్లా పారిశ్రామిక ప్రాంతం, ఇంకొంచెం ముందుకు వెళితే సిల్తరా. ఇనుము, ఉక్కు కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు వరుసగా కనిపిస్తాయి. ఈ ప్రాంతంలోనూ, దగ్గరలోని భిలాయిలోనూ దశాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళలో కర్మాగారాలలో పని చేసేవారు చాలామంది.

ఇటువంటి చోట జరిగే ఒక మామూలు పనిని ఊహించుకోండి. ఒక పంపు మోటారు కాలిపోయింది. కొత్తది తెచ్చారు. మూడు ఫేజుల తీగలను మూడు టెర్మినళ్ళకు బిగించాలి. మీ ఇంటి బోరు మోటారుకైతే వైర్‌మన్ అరగంటలో ముగించే పని ఇది. అదే పంపు పెట్రోలునో, తవుడు నుంచి నూనె తీయడానికి వాడే హెక్సేన్‌నో తోడేదైతే ఈ అరగంట పనికి ఒక పూట పట్టవచ్చు. పట్టాలి కూడా. ఎందుకు పట్టాలో ఈ పాఠంలో చూద్దాం.

మంటకు మూడు కావాలని మీకు తెలుసు: ఇంధనం, ఆక్సిజన్, అంటించే శక్తి. కానీ ఇంధనం, గాలి ఏ పాళ్ళలో కలిసినా మంట రాదు. మీథేన్ గాలిలో 5 శాతం కన్నా తక్కువగా ఉంటే అంటుకోదు, 15 శాతం దాటితే కూడా అంటుకోదు. ఈ రెండింటినీ కింది, పై విస్ఫోటన పరిమితులు అంటారు. వంటగ్యాసుకు ఈ హద్దులు సుమారు 2 నుంచి 9 శాతం. హెక్సేన్ ఆవిరి 1 శాతానికి కాస్త పైన ఉంటే చాలు. హైడ్రోజన్‌ది మరీ విశాలమైన పరిధి, 4 నుంచి 75 శాతం వరకు.

ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్ల నుంచి వచ్చే వాయువులో సగానికి పైగా హైడ్రోజన్, సుమారు పాతిక శాతం మీథేన్, కొంత కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. 2018 అక్టోబరు 9న భిలాయి ఉక్కు కర్మాగారంలో ఈ వాయువును తీసుకుపోయే పైపులైను దగ్గర మరమ్మతు జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించారు. ఆ రోజు అది మామూలు నిర్వహణ పనే. మండే వాయువు ఉన్న చోట మామూలు పని అనేది ఉండదని అందుకే అంటాను.

ఇక మూడో అవసరం, అంటించే శక్తి. ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. పేలుడు పెద్దది కాబట్టి నిప్పురవ్వ కూడా పెద్దదై ఉండాలని అనుకుంటారు. తగిన పాళ్ళలో కలిసిన మీథేన్‌ను అంటించడానికి కావలసిన కనిష్ఠ శక్తి సుమారు 0.28 మిల్లీ జౌళ్ళు మాత్రమే. హైడ్రోజన్‌కైతే 0.02 మిల్లీ జౌలు చాలు. ఈ సంఖ్యలు ఎంత చిన్నవో ఒక లెక్క వేసి చూడండి. మనిషి శరీరాన్ని 100 పికో ఫారడ్ల కెపాసిటర్‌గా తీసుకుందాం. నైలాన్ బట్టలు వేసుకొని పొడి వాతావరణంలో నడిస్తే ఒంటి మీద కొన్ని వేల వోల్టులు చేరడం సహజం. 3,000 వోల్టుల దగ్గర దాగి ఉన్న శక్తి కెపాసిటెన్స్‌ను వోల్టేజి వర్గంతో గుణించి అందులో సగం తీసుకుంటే వస్తుంది. అది 0.45 మిల్లీ జౌళ్ళు. తలుపు పిడి ముట్టుకుంటే వేలికి చురుక్కుమనేది దాదాపు ఈ స్థాయిలోనే. అంటే మీకు చురుక్కుమన్నదని తెలిసే సరికే మీథేన్‌ను అంటించడానికి సరిపడా శక్తి విడుదలైపోయింది! పెట్రోలు బంకులో ట్యాంకరు వచ్చి ఆగగానే గొట్టం తగిలించే ముందు ఒక ఎర్తింగ్ తీగ తగిలించడం ఈసారి గమనించండి. ముందు ఎర్తింగ్, ఆ తర్వాతే గొట్టం. ఈ వరుస తిరగబడకూడదు.

వోల్టేజి తక్కువైతే ప్రమాదం లేదా? ఈ ప్రశ్నకు ప్రపంచం చాలా ఖరీదైన జవాబు పొందింది. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిద్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు చనిపోయారు. ఆ గనిలో సంకేతాలు ఇవ్వడానికి బ్యాటరీతో మోగే విద్యుత్ గంటలు ఉండేవి. రెండు వట్టి తీగలను ఒకదానికొకటి తాకిస్తే గంట మోగుతుంది. ఆ కాలంలో ఇంత చిన్న బ్యాటరీ ఏం చేస్తుందన్న నమ్మకం ఉండేది. ఆ పేలుడుకు కారణమై ఉండవచ్చని అనుమానించిన వాటిలో ఈ గంటల తీగల దగ్గర పుట్టే నిప్పురవ్వ ఒకటి. తర్వాత వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలలో అసలు విషయం తేలింది. ప్రమాదం బ్యాటరీలో లేదు, గంటలోని తీగచుట్టలో ఉంది.

తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించేటప్పుడు దాని అయస్కాంత క్షేత్రంలో శక్తి నిలవ ఉంటుంది. వలయాన్ని తెంచిన క్షణాన ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. తీగలు విడిపోయిన సందులోనే నిప్పురవ్వగా బయటపడుతుంది. 0.1 హెన్రీ చుట్టలో 0.1 ఆంపియరు ప్రవహిస్తుంటే నిలవ ఉన్న శక్తి 0.5 మిల్లీ జౌలు. మీథేన్‌కు ఇది చాలు. వోల్టేజి ఎంత అన్నది ఈ లెక్కలోకే రాలేదు చూశారా! అందుకే మోటారుకు, రిలేకు, ట్రాన్స్‌ఫార్మరుకు వెళ్ళే తీగను కలిపేటప్పటి కన్నా ఊడదీసేటప్పుడు ఎక్కువ భయపడాలి.

ఈ శాస్త్రం తెలిశాక ఇంజనీర్లు ముఖ్యంగా మూడు దారులు వెతికారు. నిప్పురవ్వను పుట్టనిచ్చి, మంటను మాత్రం బయటికి రానివ్వకపోవడం ఒకటి. అసలు నిప్పురవ్వే పుట్టకుండా కట్టుదిట్టం చేయడం రెండోది. పుట్టినా దానికి అంటించే సత్తా లేకుండా వలయంలోని శక్తినే పరిమితం చేయడం మూడోది. వీటిని వరుసగా ఫ్లేమ్‌ప్రూఫ్, ఇంక్రీజ్డ్ సేఫ్టీ, ఇంట్రిన్సిక్ సేఫ్టీ అని పిలుస్తారు.

ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె అంటే ఏమిటని తరగతిలో అడిగితే ఏటా ఒకటే జవాబు వస్తుంది: "గాలి చొరబడని పెట్టె, సార్." కాదు. ఈ పెట్టెలోకి గాలి వెళుతుంది, వాయువు కూడా వెళుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ప్రతి పెట్టే ఊపిరి పీల్చి వదులుతుంది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు లోపల పేలుడు జరుగుతుందని ముందే ఒప్పుకొని దీన్ని తయారు చేస్తారు. లోపల వాయువు అంటుకుంటే పీడనం వాతావరణ పీడనానికి ఏడెనిమిది రెట్లు పెరగవచ్చు. ఆ దెబ్బకు పగలకుండా గోడలు మందంగా పోతపోస్తారు. మరి ఆ వేడి వాయువు ఎటు పోవాలి? పెట్టె అంచుకూ మూతకూ మధ్య నునుపుగా చెక్కిన వెడల్పైన పట్టీ ఉంటుంది. రెండింటి మధ్య వెంట్రుక మందంలో సందు ఉంటుంది. వాయువు ఆ సందులోంచే బయటికి తోసుకువస్తుంది. దారిలో ఇనుప గోడలకు వేడిని కోల్పోతుంది. బయట పడగానే వ్యాకోచించి చల్లని గాలితో కలిసి ఇంకా చల్లబడుతుంది. వేడి వాయువే బయటికి వస్తుంది తప్ప మంట రాదు.

ఈ ఆలోచనకు పునాది మీరు చదివిన పాఠంలోనే ఉంది. 1815లో హంఫ్రీ డేవీ గని కార్మికుల కోసం చేసిన దీపంలో మంట చుట్టూ సన్నని తీగ జల్లెడ ఉంటుంది. వాయువు జల్లెడలోంచి లోపలికి వెళ్ళి మండుతుంది, మంట మాత్రం బయటికి దాటదు. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె కూడా మంటను చల్లార్చేది ఇరుకు దారిలోనే.

సందు ఎంత ఉండవచ్చన్నది వాయువును బట్టి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల పొడవున్న సందులో మీథేన్ మంట సుమారు 1.1 మిల్లీమీటర్ల దాకా దాటలేదు. ప్రొపేన్‌కు ఈ హద్దు 0.9, ఇథిలీన్‌కు 0.65. హైడ్రోజన్‌కు 0.3 మిల్లీమీటరు కూడా లేదు. తయారుచేసే పెట్టెల సందు వీటికన్నా బాగా తక్కువగా ఉంచుతారు. వాయువులను గ్రూపులుగా విభజించింది ఈ కొలతల ఆధారంగానే. గని మీథేన్ ఒకటో గ్రూపు. బయటి పరిశ్రమలవి రెండో గ్రూపు. అందులో ప్రొపేన్ వంటివి ఎ, ఇథిలీన్ వంటివి బి, హైడ్రోజన్, ఎసిటిలీన్ సి. హెక్సేన్‌కు సరిపోయే ఎ రకం పెట్టెను హైడ్రోజన్ ఉన్న చోట బిగిస్తే దాని సందు అక్కడ కిటికీతో సమానం.

ఇప్పుడు మన వైర్‌మన్ దగ్గరకు వద్దాం. కర్మాగారం ఎంతో ఖర్చు పెట్టి ఈ పెట్టె కొన్నది. దాని మూతకు ఎనిమిది బోల్టులు ఉన్నాయి. ఒకటి కింద పడి కనిపించలేదు, ఏడు బిగించి వదిలేశాడు. ఆ పక్క మూత ఒక్క మిల్లీమీటరు పైకి లేస్తే పెట్టె ఉద్దేశమే పోయింది. ఇంకొకరు వర్షపు నీళ్ళు రాకూడదన్న మంచి ఉద్దేశంతో సైకిల్ ట్యూబు రబ్బరు కోసి మధ్యలో వేశారు. పేలుడుకు ఆ రబ్బరు ఎగిరిపోయి అక్కడ పెద్ద సందు ఏర్పడుతుంది. మరొకరు అంచు మీద కూడా రంగు వేశారు. ఇంకొకరు మొండిగా బిగుసుకున్న మూతను స్క్రూడ్రైవరుతో పెకలించి నునుపైన పట్టీ మీద గీత పెట్టారు. ఆ గీత మంటకు కాలువ. పెట్టె అంచుకు ఎదురుగా దగ్గరలో గోడో, ఇనుప దూలమో ఉన్నా తప్పే. బయటికి వచ్చే వేడి వాయువు దానికి కొట్టుకొని చల్లగాలితో సరిగా కలవదు. హైడ్రోజన్ గ్రూపుకైతే కనీసం 40 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి.

ఇవన్నీ మూత సంగతులు. నా దృష్టిలో అసలు బలహీనమైన చోటు కేబుల్ లోపలికి వెళ్ళే రంధ్రం. అక్కడ గ్లాండ్ అనే ఇత్తడి బిగింపు ఉంటుంది. మామూలు గ్లాండ్ కేబుల్ లాగితే రాకుండా పట్టుకుంటుంది, అంతే. ఫ్లేమ్‌ప్రూఫ్ గ్లాండ్ దానితోపాటు మంటను కూడా ఆపాలి. అందుకే కేబుల్ లోపలి తొడుగు మీద ఒకటి, బయటి తొడుగు మీద ఒకటి, రెండు చోట్ల రబ్బరు రింగుతో నొక్కే డబుల్ కంప్రెషన్ రకం ఎక్కువగా వాడతారు. మధ్యలో కేబుల్ ఇనుప కవచం బిగుసుకొని ఎర్తింగ్‌కు దారి అవుతుంది. మరలు కనీసం ఐదు చుట్లు పూర్తిగా పట్టాలి. 20 మిల్లీమీటర్ల కేబుల్‌ను 32 మిల్లీమీటర్ల గ్లాండులో పెట్టి టేపు చుట్టి బిగిస్తే బయటికి చూడటానికి ఒకేలా ఉంటుంది. లోపల మాత్రం మంటకు దారి తెరిచే ఉంది. పెట్టెకు వాడని రంధ్రం ఇంకొకటి ఉంటే దానికి ధ్రువీకరించిన లోహపు బిరడా బిగించాలి. గుడ్డపేలిక, ఎమ్-సీల్, చెక్క మేకు, ఇవేవీ పనికిరావు.

ఇంక లోపల టెర్మినల్. తీగ కొసలు విచ్చుకోకుండా లగ్‌లో పెట్టి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి, వదులు కాకుండా స్ప్రింగ్ వాషరు వేయాలి. వదులు కనెక్షన్ ఏం చేస్తుందో లెక్క వేయండి. బిగువు తగ్గి ఆ చోట నిరోధం 0.1 ఓము అయిందనుకుందాం. 16 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ పుట్టే వేడి 25 వాట్లకు పైనే. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత! దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసినట్టే. ఏ వాయువుకైనా ఒక ఉష్ణోగ్రత దాటితే నిప్పురవ్వ లేకుండానే అంటుకొనే గుణం ఉంటుంది. హెక్సేన్‌కు అది సుమారు 225 డిగ్రీల సెల్సియస్. కార్బన్ డై సల్ఫైడ్‌కు దాదాపు 90 డిగ్రీలే, మరిగే నీటి కన్నా తక్కువ. అందుకే పరికరాల మీద టి1 నుంచి టి6 వరకు తరగతి ముద్రిస్తారు. టి1 అంటే దాని వేడి 450 డిగ్రీలకు మించదు, టి6 అంటే 85 దాటదు. ఇంక్రీజ్డ్ సేఫ్టీ అనే రెండో పద్ధతి శ్రద్ధంతా ఈ టెర్మినళ్ళ మీదే. తనంతట తాను వదులు కాని బిగింపు, టెర్మినళ్ళ మధ్య ఎక్కువ దూరం, దుమ్ము తేమ చొరబడని మూత. మామూలుగా పని చేసేటప్పుడు నిప్పురవ్వ పుట్టించే స్విచ్చికి ఈ పద్ధతి ఒక్కటే చాలదు.

ఇంత బాగా చేసిన పెట్టె కూడా మూత తీస్తే ఉత్త ఇనుప డబ్బా. అందుకే "విద్యుత్ ఉన్నప్పుడు తెరవరాదు" అన్న హెచ్చరిక దాని మీద ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ఆ మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్చిని దూరంగా, సురక్షితమైన చోట ఆపుతారు. ఎవరూ మళ్ళీ వేయకుండా దానికి తాళం వేసి తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉంచుతారు. గ్యాస్ డిటెక్టరుతో గాలిని పరీక్షిస్తారు. రాతపూర్వకమైన పర్మిట్ ఉంటే తప్ప పని మొదలుకాదు. తీగలో కరెంటు లేదని పరీక్షించాకే చెయ్యి పెడతారు. ఆ పరీక్ష చేసే మామూలు మల్టీమీటరే నిప్పురవ్వకు కారణం కావచ్చు గనుక గాలిని పరీక్షించడం దానికన్నా ముందు రావాలి. కెపాసిటర్లు ఉన్న పరికరమైతే స్విచ్చి ఆపిన తర్వాత కూడా పెట్టె మీద రాసినంతసేపు ఆగాలి. నేను మొదట చెప్పిన ఒక పూట ఇలా గడుస్తుంది.

సింగరేణి వంటి భూగర్భ గనులలో యంత్రాలు రోజూ స్థలం మారుతుంటాయి. కేబుళ్ళు కలపడం, విడదీయడం అక్కడ నిత్యకృత్యం. అందుకే యంత్రానికి కరెంటు ఇచ్చే గేట్ ఎండ్ బాక్సులు ఫ్లేమ్‌ప్రూఫ్‌గా ఉంటాయి. వాటిలో ఇంటర్‌లాక్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. ఐసొలేటర్ పిడిని ఆపిన స్థానానికి తిప్పితే తప్ప మూత తెరుచుకోదు. మనిషి మరచిపోయినా ఇనుము మరచిపోదు.

మూడో పద్ధతి కొలత పరికరాలకు, సంకేతాలకు వాడతారు. సురక్షితమైన గదిలో బారియర్ అనే చిన్న పరికరం ఉంటుంది. అందులోని జీనర్ డయోడ్లు వోల్టేజిని, నిరోధకం ప్రవాహాన్ని, ఫ్యూజు అతి ప్రవాహాన్ని అదుపులో ఉంచుతాయి. అవతల తీగలు తెగినా, తాకినా పుట్టే నిప్పురవ్వలో వాయువును అంటించేంత శక్తి ఉండదు. ఇటువంటి తీగలను గుర్తించడానికి చాలాచోట్ల లేత నీలం రంగు వాడతారు. ఆ నీలం తీగను పక్కనున్న 230 వోల్టుల తీగతో కలిపి ఒకే గొట్టంలో లాగితే చేసిన పనంతా వ్యర్థం. సెంఘెనిద్ గంటల తర్వాత జరిగిన ప్రయోగాల నుంచే ఈ పద్ధతి పుట్టింది.

ఏ చోట ఏ పరికరం పెట్టాలో నిర్ణయించడానికి స్థలాన్ని జోన్‌లుగా విభజిస్తారు. మండే వాయువు ఎప్పుడూ ఉండే చోటు, ఉదాహరణకు పెట్రోలు ట్యాంకు లోపల, జోన్ 0. మామూలు పనిలో అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1. ఏదైనా తేడా జరిగితేనే, అదీ కాసేపు మాత్రమే వచ్చే చోటు జోన్ 2. మన దేశంలో ఇటువంటి పరికరాలను పరీక్షించే సంస్థలలో ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ ముఖ్యమైనది. గనులకు అనుమతి ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ నుంచి, పెట్రోలియం స్థావరాలకు నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నుంచి రావాలి.

జోన్ గీత కాగితం మీద గీసినది. వాయువుకు ఆ గీత కనిపించదు. 2009 అక్టోబరు 29న జైపూర్ దగ్గర ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోలు గంటకు పైగా లీకై, ఆవిరి ఆవరణ అంతటా పరుచుకుని పేలింది. 11 మంది చనిపోయారు. ఎక్కడ అంటుకొని ఉండవచ్చో విచారణ కమిటీ రెండు అవకాశాలు చెప్పింది. ఒకటి, కార్యాలయ భవనంలోని ఫ్లేమ్‌ప్రూఫ్ కాని విద్యుత్ పరికరం. రెండు, అప్పుడే స్టార్ట్ చేసిన వాహనం. కార్యాలయ గదిలో ఫ్లేమ్‌ప్రూఫ్ స్విచ్చి ఎవరూ పెట్టరు, పెట్టనక్కరలేదు కూడా. కానీ అంత పెద్ద లీకు జరిగినప్పుడు ఏ పరికరమూ రక్షించలేదు. ముందు లీకునే ఆపగలగాలి. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై 60 మంది దాకా బలైనప్పుడూ ఇదే తెలిసింది. గాలి కన్నా బరువైన ఆ వాయువు నేలను పట్టుకొని పాకుతుంది.

మీ ఇంట్లో కూడా ఇటువంటి చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి ఇన్వర్టర్ బ్యాటరీ. పూర్తిగా ఛార్జి అయిన సీసపు బ్యాటరీని ఇంకా ఛార్జి చేస్తే నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. ఒక్కో సెల్లు నుంచి ప్రతి ఆంపియరు గంటకు సుమారు 0.42 లీటర్లు. ఆరు సెల్లులున్న 12 వోల్టుల బ్యాటరీలో 10 ఆంపియర్లు ఒక గంట అలా పోతే 25 లీటర్లు. గాలిలో 4 శాతం లెక్కన 625 లీటర్ల గాలిని అది మండేలా చేయగలదు. అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న మూసిన అర నిండా. అందుకే బ్యాటరీని బీరువా అరలో పెట్టకండి. క్లిప్పులు తీసే ముందు ఛార్జరు స్విచ్చి ఆపండి. కారు బ్యాటరీ దిగిపోయి ఇంకో కారు నుంచి తీగలు కలిపేటప్పుడు ఆఖరి నెగెటివ్ క్లిప్పును దిగిపోయిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా ఇంజను లోహానికి తగిలించాలి. ఆఖరి కనెక్షన్ దగ్గరే నిప్పురవ్వ వస్తుంది కాబట్టి.

రెండోది వంటగది. తలుపు తీయగానే గ్యాస్ వాసన వచ్చింది, లైటు వెలుగుతూ ఉంది. ఆపాలా? చాలామంది ఆపాలంటారు. వలయాన్ని తెంచేటప్పుడే నిప్పురవ్వ ఎక్కువని ఇప్పుడు మీకు తెలుసు. వెలుగుతున్నది వెలగనివ్వండి, ఆపి ఉన్నది వేయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికి అసలు పోవద్దు. సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి, తలుపులు కిటికీలు తెరవండి, అందరినీ బయటికి తీసుకురండి. ఫోను ఇంటి బయటికి వచ్చాకే తీయండి. ఎల్‌పీజీ లీకేజీకి అత్యవసర నంబరు 1906.